శ్రీహరికోట మీద ఆకాశం ఎలా ఉంది?



2008 అక్టోబరు మూడో వారం. నెల్లూరు తీరానికి ఈశాన్య రుతుపవనాలు వచ్చే రోజులు. శ్రీహరికోటలో రెండో ప్రయోగ వేదిక మీద పీఎస్‌ఎల్‌వీ-సీ11 నిలబడి ఉంది. లోపల చంద్రయాన్-1, మన దేశం చంద్రుడి దగ్గరికి పంపుతున్న మొదటి వాహనం. బయట వాన. ప్రయోగానికి ముందు కొన్ని రోజులుగా ఉరుములు, మెరుపులు, ఆగి ఆగి జల్లులు. 22వ తేదీ ఉదయం 6 గంటల 22 నిమిషాలకు, మబ్బు కమ్మి ఉండగానే, రాకెట్ లేచింది.

ఆ ఉదయం టీవీలో మనం చూసింది నిప్పు, పొగ, చప్పట్లు. తెర మీదికి రాని పని ఒకటి అంతకుముందే జరిగింది. రాకెట్‌లోని ప్రతి మోటారునూ, ప్రతి వాల్వునూ, ప్రతి తీగనూ ముందుగా పరీక్షించవచ్చు. తేడా వస్తే మార్చవచ్చు. అది వెళ్లే దారిలోని గాలిని మాత్రం ముందే పరీక్షించి సిద్ధంగా పెట్టుకోలేం. నిన్నటి గాలి ఇవాళ ఉండదు. ఉదయం చూసిన మబ్బు మధ్యాహ్నానికి వేరే మబ్బు. ఆ గాలిని, ఆ మబ్బును చదివి, ఇప్పుడు పరవాలేదు, ఇప్పుడు వద్దు అని చెప్పేవాళ్లు శ్రీహరికోటలో ఉన్నారు. వాళ్ల పని గురించే ఈ ప్రసంగం.

శ్రీహరికోటను ప్రయోగ కేంద్రంగా 1969లో ఎంచుకున్నారు. రోహిణి-125 అనే చిన్న సౌండింగ్ రాకెట్ 1971 అక్టోబరు 9న అక్కడి నుంచి మొదటగా ఎగిరింది. ఒక పక్క పులికాట్ సరస్సు, ఇంకో పక్క బంగాళాఖాతం. సూళ్లూరుపేట నుంచి సరస్సు మధ్యగా వేసిన రోడ్డు మీద అక్కడికి వెళ్లాలి. తూర్పున కనుచూపు మేరా సముద్రమే కాబట్టి, మండిపోయి ఊడిపడే దశలు ఊళ్ల మీద పడవు. భూమధ్యరేఖకు పద్నాలుగు డిగ్రీల లోపే ఉంది కాబట్టి, తూర్పుకు వెళ్లే రాకెట్‌కు భూభ్రమణం వల్ల సెకనుకు సుమారు 450 మీటర్ల వేగం ముందే కలిసివస్తుంది. ఇంత మంచి చోటు మన తీరంలో దొరకడం అదృష్టమే. కానీ ఏ సముద్రాన్ని చూసి ఆ చోటు ఎంచుకున్నారో, ఆ సముద్రం నుంచే అల్పపీడనాలు, వాయుగుండాలు, తుఫానులు వస్తాయి. 1984 నవంబరులో ఒక తీవ్ర తుఫాను శ్రీహరికోట దగ్గరే తీరం దాటింది. 2025 అక్టోబరు 28 రాత్రి మోంథా తుఫాను నరసాపురం వైపు తీరం దాటితే, ఐదు రోజులు తిరక్కముందే, నవంబరు 2 సాయంత్రం ఎల్‌వీఎం3 రాకెట్ 4,400 కిలోల సీఎంఎస్-03 ఉపగ్రహాన్ని మోసుకుని ఇక్కడి నుంచి లేచింది.

మనం రోజూ రేడియోలో వినే వాతావరణ సూచన ఎలా ఉంటుంది? కోస్తాంధ్రలో అక్కడక్కడ ఉరుములతో కూడిన జల్లులు పడే అవకాశం ఉంది అని. గొడుగు పట్టుకెళ్లాలా వద్దా, వడ్లు ఎత్తాలా వద్దా అన్న నిర్ణయానికి అది ఉపయోగపడుతుంది. ప్రయోగ అధికారికి ఆ 'అక్కడక్కడ' పనికిరాదు. ఆయన అడిగేది ఒకే చోటు, ఒకే సమయం. ఆ చోటు మీద, ఆ నిమిషాల్లో, నేల నుంచి ముప్పై కిలోమీటర్ల ఎత్తు దాకా గాలి ఏం చేస్తోంది? సమయం కూడా మన చేతిలో ఉండదు. చంద్రుడు ఎక్కడున్నాడు, అంగారకుడు ఎక్కడున్నాడు, ఉపగ్రహం ఏ కక్ష్యలోకి చేరాలి అన్నదాన్ని బట్టి అది ఖాయమవుతుంది. ఒక్కొక్క ప్రయోగానికి రోజులో కొన్ని నిమిషాలే దొరుకుతాయి.

వాన ఒక్కటే అయితే అంత భయం లేదు. తడిని తట్టుకునేలాగే రాకెట్‌ను తయారు చేస్తారు. భయమంతా రెండింటి గురించి. ఒకటి గాలి, రెండు మెరుపు.

గాలి సంగతి ముందు చూద్దాం. పీఎస్‌ఎల్‌వీ ఎత్తు 44 మీటర్లు. వేదిక మీద నిలబడి ఉన్నంతసేపూ ఈదురుగాలి దాన్ని ఊపుతుంది కాబట్టి నేల దగ్గరి గాలికి హద్దులుంటాయి. అసలు పరీక్ష పైన ఉంది. లేచిన నిమిషానికి కాస్త అటూ ఇటూగా, పది పన్నెండు కిలోమీటర్ల ఎత్తులో, రాకెట్ శబ్ద వేగాన్ని దాటిపోయి ఇంకా చిక్కటి గాలిలోనే ఉంటుంది. గాలి దాన్ని అన్నిటికంటే ఎక్కువగా నొక్కేది అక్కడే. చెరుకు గడను నిలువుగా నొక్కితే బరువును బాగానే మోస్తుంది; మోకాలికి అడ్డంగా పెట్టి వంచితే పుటుక్కున విరుగుతుంది. రాకెట్ శరీరమూ అంతే. అందువల్ల అది గాలికి ఎదురుగా ముక్కు పెట్టి చీల్చుకుపోవాలి. పక్క గాలి కొట్టి కొంచెం కోణం మారినా, ఆ వేగంలో వంచే బలం విపరీతంగా పెరుగుతుంది.

ఇక్కడ ఒక తెలుగు శాస్త్రజ్ఞుడి పేరు చెప్పుకోవాలి. పంచేటి కోటేశ్వరం గారు. భారత వాతావరణ శాఖకు అధిపతిగా పనిచేసిన మనిషి. వానాకాలంలో దక్షిణ భారతం మీద పద్నాలుగు, పదహారు కిలోమీటర్ల ఎత్తులో తూర్పు నుంచి పడమరకు గంటకు వంద కిలోమీటర్లకు పైగా వేగంతో ఒక గాలి ప్రవాహం సాగుతుందని గుర్తించి, 1958లో దాని మీద వ్యాసం ప్రచురించారు. దాన్ని ఉష్ణమండల తూర్పు జెట్ ప్రవాహం అంటారు. రుతుపవనాల నడకకూ దానికీ దగ్గర సంబంధం ఉంది. ఆయన ఆ పని చేసేనాటికి శ్రీహరికోటలో అడవి తప్ప ఏ ప్రయోగ వేదికా లేదు. 2019 జూలై 22న చంద్రయాన్-2, 2023 జూలై 14న చంద్రయాన్-3 పైకి వెళ్లిన కాలం సరిగ్గా ఆ జెట్ బలంగా ఉండే కాలమే. మన పాఠ్యపుస్తకాల్లో ఆయన పేరు ఇంకాస్త పెద్ద అక్షరాల్లో ఉండాలని నా కోరిక.

పై గాలిని కొలవడానికి ఇప్పటికీ ముఖ్యమైన సాధనం బెలూన్. హైడ్రోజన్ నింపిన బెలూన్‌కు రేడియోసోండ్ అనే చిన్న పెట్టె కట్టి వదులుతారు. అది ఎక్కుతూ ఎక్కుతూ పీడనం, ఉష్ణోగ్రత, తేమ కిందికి పంపుతుంది. అది కొట్టుకుపోయే తీరును బట్టి గాలి దిశ, వేగం తెలుస్తాయి. మచిలీపట్నం, విశాఖపట్నం, చెన్నై లాంటి చోట్ల వాతావరణ శాఖ ఇలాంటి బెలూన్లు వదులుతుంది. ప్రయోగం దగ్గరపడే కొద్దీ శ్రీహరికోటలో వీటిని మరింత తరచుగా వదులుతారు. చిక్కేమిటంటే బెలూన్ నిమిషానికి మూడు వందల మీటర్లు ఎక్కుతుంది. ముప్పై కిలోమీటర్లకు గంటన్నర పైనే పడుతుంది. అప్పటికి కింద కొలిచిన గాలి పాతబడిపోతుంది. పైగా బెలూన్ గాలివాటున ఎక్కడికో కొట్టుకుపోతుంది. అంటే రాకెట్ వెళ్లబోయే దారిని అది కొలవలేదు. గంట కిందటి పక్క దారిని కొలిచింది. ఆ రెండిటి మధ్య తేడా ఎంత ఉండవచ్చో అంచనా కట్టి, దానికి తగ్గ జాగ్రత్త తీసుకోవడం అనుభవం మీద వచ్చే విద్య. కొలిచిన గాలిని కంప్యూటర్లకు ఇచ్చి, ఆ గాలిలో రాకెట్ మీద పడే ఒత్తిళ్లు ఎంతో లెక్కిస్తారు. ఆ రోజు గాలికి అనుగుణంగా రాకెట్ ముక్కు ఎప్పుడు ఎంత వంచాలో సరిదిద్దుతారు. ఒకే ఎత్తున నిలకడగా వీచే పెద్ద గాలి కంటే, కొద్ది ఎత్తులోనే వేగం, దిశ మార్చుకునే గాలి ఎక్కువ ప్రమాదం.

ఇక మెరుపు. ఇది చాలామందికి ఆశ్చర్యం కలిగించే విషయం. మెరుపులు లేని మబ్బులో కూడా రాకెట్ మెరుపును పుట్టించగలదు. లోహపు రాకెట్, దాని వెనక పొడుగ్గా సాగే వేడి వాయువుల తోక, రెండూ విద్యుత్తును మోస్తాయి. మబ్బులో విద్యుదావేశం పోగై ఉండి, తనంతట తాను పిడుగు వేసేంత బలం లేని స్థితిలో ఉన్నప్పుడు, ఇంత పొడుగు వాహకం అందులోకి దూసుకువెళితే దాన్నే దారిగా చేసుకుని మెరుపు దూకుతుంది.

1969 నవంబరు 14న అమెరికాలో ఇదే జరిగింది. కెనడీ అంతరిక్ష కేంద్రం మీద వాన మబ్బు. అపోలో-12 సిద్ధంగా ఉంది. అధ్యక్షుడు నిక్సన్ ప్రయోగం చూడడానికి వచ్చి కూర్చున్నాడు. అప్పటి నిబంధనల ప్రకారం వెళ్లవచ్చు అన్నారు, వెళ్లారు. లేచిన 36 సెకన్లకు ఒక మెరుపు, 52 సెకన్లకు ఇంకొకటి రాకెట్‌ను తాకాయి. లోపలున్న వ్యోమగాములు కాన్రాడ్, గార్డన్, బీన్ ముందు హెచ్చరిక దీపాలన్నీ వెలిగిపోయాయి. విద్యుత్తు ఇచ్చే ఫ్యూయల్ సెల్స్ తెగిపోయాయి, కింద తెరల మీద అంకెలన్నీ అర్థం లేకుండా పోయాయి. నియంత్రణ గదిలో జాన్ ఆరన్ అనే యువ ఇంజనీరు ఒక పాత పరీక్షలో అలాంటి అంకెల వరసనే చూసి ఉన్నాడు. ఫలానా స్విచ్‌ను మార్చమని చెప్పాడు. ఆ స్విచ్ ఎక్కడుందో లోపల అలన్ బీన్‌కు గుర్తుంది. రాకెట్‌ను నడిపే కంప్యూటర్ వేరే చోట ఉండి దెబ్బతినకుండా బతికింది కాబట్టి ముగ్గురూ చంద్రుడి దాకా వెళ్లి తిరిగి వచ్చారు.

1987 మార్చి 26న అంత అదృష్టం లేకపోయింది. కేప్ కెనావరాల్ నుంచి అట్లాస్-సెంటార్ రాకెట్ అమెరికా నౌకాదళ సమాచార ఉపగ్రహంతో వానమబ్బులోకి లేచింది. నిమిషం లోపే మెరుపు తగిలింది. రాకెట్‌ను నడిపే కంప్యూటర్ జ్ఞాపకశక్తిలో ఒక చోట అంకె మారిపోయింది. ఆ తప్పుడు అంకె రాకెట్‌ను పక్కకు తిప్పింది. నేను ఇందాక చెప్పిన గాలి ఒత్తిడి దాన్ని విరిచేసింది. ముక్కలు సముద్రంలో పడ్డాయి.

ఆ తర్వాత అమెరికాలో మెరుపు నిబంధనలను మొదలంటా తిరగరాశారు. ప్రయోగ దారికి సుమారు పద్దెనిమిది కిలోమీటర్ల లోపు మెరుపు మెరిస్తే అరగంట ఆగాలి. ఉరుముల మబ్బు నుంచి పక్కకు పరుచుకున్న పల్చటి పై పొర దగ్గరికీ వెళ్లకూడదు. గడ్డకట్టే చలి ఉండే ఎత్తులో దట్టంగా ఉన్న మబ్బు పొరలను దాటకూడదు. నేల మీద ఫీల్డ్ మిల్ అనే యంత్రాలు గాలిలో విద్యుత్ క్షేత్రాన్ని కొలుస్తుంటాయి. ఎండ కాసే రోజున మీటరుకు వంద వోల్టుల దగ్గర ఉండేది, మబ్బు విద్యుదావేశంతో నిండేసరికి వేలల్లోకి పోతుంది. ఆ కొలత హద్దు దాటితే మబ్బు ఎంత అమాయకంగా కనిపించినా ప్రయోగం ఆగుతుంది.

ఆ నిబంధనలు ఏం సాధించాయో 2020 మే 27న చూశాం. అదే కెనడీ కేంద్రం, లోపల ఇద్దరు వ్యోమగాములు హర్లీ, బెంకెన్. మళ్లీ ఒక అధ్యక్షుడు, ఈసారి ట్రంప్, చూడడానికి వచ్చి ఉన్నాడు. తొమ్మిదేళ్ల తర్వాత అమెరికా నేల మీద నుంచి మనుషులు కక్ష్యలోకి వెళ్లబోయే రోజు. ప్రపంచమంతా టీవీల ముందు కూర్చుంది. ప్రయోగం ఇంకా పదిహేడు నిమిషాలుందనగా వాతావరణ బృందం వద్దంది. ప్రయోగం ఆగిపోయింది. మూడు రోజుల తర్వాత, మే 30న, క్షేమంగా వెళ్లారు. 1969లో ఒక అధ్యక్షుడి ఎదుట వానలోకి వెళ్లిన రాకెట్‌కూ, 2020లో ఇంకో అధ్యక్షుడి ఎదుట ఆగిన రాకెట్‌కూ మధ్య తేడా యంత్రాలు మెరుగుపడటం ఒక్కటే కాదు. వాతావరణం చూసే మనిషికి వద్దనే అధికారం వచ్చింది. ఆ మాట చెప్పినందుకు ఎవరూ అతన్ని నిలదీయలేని విధంగా నిబంధన ముందే రాసిపెట్టి ఉంది. నా దృష్టిలో ఏ రాడార్ కన్నా ఇది పెద్ద విజయం.

మన షార్‌లో, అంటే శ్రీహరికోట కేంద్రంలో కూడా ఆకాశాన్ని చదివే సాధనాలున్నాయి. వంద మీటర్ల వాతావరణ స్తంభం ఉంది. వేర్వేరు ఎత్తుల్లో గాలిని కొలిచే పరికరాలు దానికి అమర్చారు. ఇస్రో, భారత్ ఎలక్ట్రానిక్స్ కలిసి మన దేశంలోనే తయారుచేసిన డాప్లర్ రాడార్ ఉంది. అది మబ్బు ఎక్కడుందో చూపడమే కాదు, లోపలి చినుకులు మనవైపు వస్తున్నాయా, దూరంగా పోతున్నాయా, ఎంత వేగంతో అన్నది కూడా చెబుతుంది. తుఫాను సమయాల్లో దక్షిణ కోస్తాకు ఈ రాడార్ చిత్రాలే పెద్ద ఆధారం. నైరుతి కాలంలో ఇక్కడి మబ్బుల నడక వేరు. పగటి ఎండకు లోపలి జిల్లాల మీద మబ్బులు లేచి, సాయంత్రానికి తూర్పుగా జరిగి తీరానికి వస్తాయి. మధ్యాహ్నం రెండున్నరకు ప్రయోగం ఉంటే చిత్తూరు కొండల వైపు చూస్తుండాలి. అక్టోబరు వచ్చిందంటే చూపు సముద్రం వైపు తిప్పాలి.

ఒక్కొక్కసారి అడ్డొచ్చే వాతావరణం మన తీరం మీదిదే కానక్కరలేదు. 2013లో మంగళయాన్‌ను అక్టోబరు 28న పంపాలనుకున్నారు. రాకెట్ చివరి దశ మండేది దక్షిణ పసిఫిక్ మీద. అక్కడ సంకేతాలు అందుకోవడానికి నలంద, యమున అనే రెండు నౌకలను పంపారు. దారిలో సముద్రం బాగా లేక ఒక నౌక ఫిజీ చేరడం ఆలస్యమైంది. శ్రీహరికోట మీద ఆకాశం ఎలా ఉన్నా లాభం లేదు. ప్రయోగం నవంబరు 5కు మారింది. నవంబరు 19 దాటితే అంగారకుడి కోసం మళ్లీ రెండేళ్లకు పైగా ఆగాలి. అయినా తొందరపడలేదు.

మనుషులను పంపే గగన్‌యాన్‌తో ఈ బాధ్యత ఇంకా పెరుగుతుంది. 2023 అక్టోబరు 21న, ప్రమాదంలో వ్యోమగాముల గదిని రాకెట్ నుంచి విడదీసి కాపాడే వ్యవస్థను పరీక్షించారు. ఉదయం ఎనిమిదికి అనుకున్నది మొదట వాతావరణం వల్ల వెనక్కి జరిపారు. తర్వాత చివరి ఐదు సెకన్లలో కంప్యూటర్ ఆపింది, చివరికి పది గంటలకు వెళ్లింది. ఆ గది పారాచూట్లతో తీరానికి సుమారు పది కిలోమీటర్ల దూరంలో సముద్రంలో దిగితే నౌకాదళం తీసుకొచ్చింది. మనుషులు ఉన్నప్పుడు ప్రయోగ వేదిక మీది ఆకాశం బాగుంటే చాలదు. దారిలో ఎక్కడ ప్రయాణం ఆగిపోయినా, వాళ్లు దిగే సముద్రంలో అలలు ఎంత, గాలి ఎంత, హెలికాప్టర్ వెళ్లగలదా అన్నవి కూడా ఆ నిమిషానికి తెలిసి ఉండాలి.

శ్రోతలారా, ఈ సంగతులు చెబుతుంటే నా మనసు శ్రీహరికోట ద్వీపం దాటి బయటికి పోతోంది. రాకెట్‌కు మెరుపు భయం ఉంటే ఆపడానికి రాసిపెట్టిన నిబంధన ఉంది. ఒక రోజు ఆలస్యమైతే ఆ ఖర్చు భరించే సంస్థ ఉంది. సూళ్లూరుపేట పొలాల్లో నాట్లు వేసే కూలీకి మెరుపు వార్త అందినా, పని మానితే ఆ పూట కూలి పోతుంది. గొర్రెలు కాసే మనిషి మందను వదిలి ఎక్కడికి పోతాడు? మన రాష్ట్రాల్లో ఏటా పిడుగుపాటుకు చనిపోయేవాళ్లలో ఎక్కువమంది పొలంలో, బీడులో, చెట్టు కింద ఉన్నవాళ్లే. పుణేలోని ఉష్ణమండల వాతావరణ సంస్థ తయారుచేసిన 'దామిని' అనే యాప్ ఉంది. మనం ఉన్న చోటికి ఇరవై, నలభై కిలోమీటర్ల లోపు మెరుపులను అది చూపిస్తుంది. మబ్బులను చూసే ఇన్సాట్-3డీఎస్ ఉపగ్రహం కూడా 2024 ఫిబ్రవరి 17న శ్రీహరికోట నుంచే వెళ్లింది. సమాచారం చేరుతోంది. ఆ పూట పని ఆపినా కూలి ఇస్తాం అనే మాట కూడా దానితో చేరాలి. ఉపాధి పనుల్లోనైనా, పెద్ద కమతాల్లోనైనా ఈ నిబంధన రాయడానికి రాకెట్ శాస్త్రం అక్కరలేదు. పంచాయతీ తీర్మానం చాలు.

ఫోను లేని చోట ఇలా చేయండి. మెరుపు కనిపించగానే లెక్కపెట్టడం మొదలుపెట్టండి. ముప్పై లెక్కపెట్టే లోపు ఉరుము వినిపిస్తే పిడుగు పది కిలోమీటర్ల లోపే ఉన్నట్టు. పని వదిలి పక్కా ఇంట్లోకి గానీ, తలుపులు వేసిన బస్సులోకి గానీ వెళ్లండి. చెట్టు కిందికి, కరెంటు స్తంభం దగ్గరికి, చెరువులోకి వెళ్లవద్దు. ఆఖరి ఉరుము విన్నాక ఇంకో అరగంట లోపలే ఉండండి. ప్రయోగ వేదిక మీద రాకెట్‌ను ఆపేది కూడా ఆ అరగంటే.